హోసియా పిల్లనగ్రోవి

“పికప్ ట్రక్కు కింద కూడా లేదు,” అన్నాడు డెల్మార్, మోకాళ్ళకంటిన ఎర్రమట్టి దులుపుకుంటూ.

“నీకెందుకు కనిపిస్తుందిరా? తీసినవాడే వెతికితే దొరుకుతుందా?” అన్నాడు అతని తండ్రి హోసియా.

“నేను తీయలేదు నాన్నా. అమ్మ మీద ఒట్టు.”

“మీ అమ్మనెందుకు మధ్యలోకి లాగుతావు?”

పొద్దు వాలుతోంది. పెరట్లో నిప్పుల మీద మేక మాంసం కాలుతోంది. ఏటా ఎండాకాలం చివర ఆ మిసిసిపీ కొండ ఊళ్ళవాళ్ళంతా ఈ ముంగిట్లో చేరతారు. హోసియా వెదురు పిల్లనగ్రోవి ఊదుతూ ముందు నడిస్తే, డోళ్ళ వెనకాల దుమ్ము లేచేలా ఆడతారు. ఈసారీ జనం వచ్చేశారు. డోళ్ళూ వచ్చేశాయి. పిల్లనగ్రోవే లేదు. వసారాలో కుర్చీ మీద పెట్టి కాస్త కునుకు తీశానని, లేచేసరికి కుర్చీ ఖాళీగా ఉందని ముసలాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కొడుకు వంకే చూశాడు.

అలా చూడడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో పిల్లనగ్రోవి తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి రాదు. ఎవరిది వాళ్ళే వెదురుకి రంధ్రాలు కాల్చి చేసుకోవాలి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చి ఓడ దింపినప్పుడు మనవాళ్ళ చేతుల్లో ఏమీ మిగల్చలేదని, పాటని వేళ్ళలో దాచుకొచ్చారని హోసియా చెబుతుంటాడు. అయితే ఒక ముంగిట్లో రెండు మోగకూడదు. పెద్దాయన తనది కింద పెట్టాకే కొడుకు కొత్తది చేసుకోవాలి.

హోసియా కింద పెడితేగా. నిరుడు పాట మధ్యలో ఊపిరందక వసారా స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. ఇక ఊదొద్దని డాక్టరు చెప్పాడు. హోసియా డాక్టర్ని మార్చాడు. పెళ్ళీడు కూతురున్న డెల్మార్ ఇప్పటికీ పొట్టకు పెద్ద డోలు కట్టుకుని తండ్రి వెనకే నడుస్తున్నాడు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఇది అవతలి కౌంటీ వాళ్ళ పనేనని ఒకరన్నారు. ఊపిరి లేదని ఒప్పుకోలేక ముసలాయనే దాచుకున్నాడేమోనని ఇంకొకరు. డెల్మార్‌కీ అదే అనుమానం. గేటు దగ్గర ఎవరో కారు స్టార్ట్ చేశారు. పాట లేకుండా ఈ ముంగిలి నుంచి జనం వెళ్ళిపోవడం అతనెప్పుడూ చూడలేదు. ఈ ఏడు వెళ్ళినవాళ్ళు వచ్చే ఏడు వస్తారని నమ్మకమేముంది?

అతను తండ్రి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

“నీది లేదంటే ఈ ముంగిట్లో ఒక్కటీ లేనట్టే. నేను కాల్చుకోనా?”

హోసియా గేటు దగ్గరి కారు వంక చూశాడు. చివరికి, “పచ్చి వెదురు పగిలిపోతుంది. ఎండింది ఎక్కణ్ణుంచి తెస్తావు?” అన్నాడు.

డెల్మార్‌కి ఆ మాత్రం చాలు. మాంసం తిప్పుతున్న తల్లి అర్వెల్లా తలెత్తకుండానే, చిక్కుడు పాదుల్లో వెదురు ఊతకర్ర ఒకటుంది పీక్కోమంది. దానికి తీగ కూడా అల్లుకోలేదు, లాగితే ఊడి వచ్చింది. అతను జానెడున్నర ముక్క కోసుకుని నిప్పుల దగ్గరికి పరిగెత్తాడు. తల్లి బొగ్గుల్లోంచి ఎర్రగా కాలిన సన్నటి ఊచ తీసి అందించింది. జనం చుట్టూ మూగారు. ఊదడానికో రంధ్రం, వేళ్ళకు వరసగా ఇంకొన్ని. తీపి పొగ లేచింది.

మొదటిసారి ఊదగానే మెడ పట్టుకున్న కోడిలా అరిచింది. నవ్వులు.

“గుడ్డు కూడా పెడుతుందేమో చూడండి,” అన్నాడు హోసియా.

డెల్మార్ పెదవులు తడుపుకుని మళ్ళీ ఊదాడు. ఈసారి పలికింది. సన్నగా, పదునుగా, గేటు దాకా. వెనకనుంచి పెద్ద డోలు అందుకుంది. తను దించిన డోలు ఎవరు ఎత్తుకున్నారా అని తిరిగి చూస్తే, కూతురు జెనీస్. నాన్న చూపు పట్టించుకోకుండా బాదుతోంది. స్టార్ట్ చేసిన కారు ఆగింది. దుమ్ము లేచింది. హోసియా కుర్చీలోనే కూర్చుని రెండు పాదాలతో దరువు వేశాడు. కళ్ళు తుడుచుకుంటూ, పాడు పొగ అన్నాడు.

పాట ఆగాక డెల్మార్ వగరుస్తూ వచ్చి తండ్రి ముందు కూర్చున్నాడు.

“మూడో రంధ్రం వంకర. మిగతాదంతా మనదే,” అన్నాడు ముసలాయన. ఇకమీదట కుర్చీలోంచే తప్పులు పడతానని కూడా చెప్పాడు. అంతలో అర్వెల్లా తెచ్చిన మాంసం ప్లేటు చూసి మొహం తిప్పుకున్నాడు. దొంగెవరో తేలేదాకా ముద్ద ముట్టనన్నాడు.

డెల్మార్ బొగ్గుల వైపు చూశాడు. మాంసం కాల్చడానికి సన్నటి ఊచతో పనేముంది? తను అడగకముందే అది ఎర్రగా కాలి ఎందుకుంది? తీగ అల్లుకోని కర్ర చిక్కుడు పాదుల్లో ఏం చేస్తోంది? అతను తల్లి ఏప్రన్ జేబు వంక చూశాడు. అందులోంచి ఒక పాత వెదురు కొన బయటికి కనిపిస్తోంది. ఆమె చెప్పొద్దన్నట్టు కళ్ళతోనే వారించింది.

“అమ్మనెందుకు మధ్యలోకి లాగుతావన్నావుగా,” అన్నాడు డెల్మార్ నవ్వాపుకుంటూ. “ఇప్పుడు లాగక తప్పదు నాన్నా. దొంగ అమ్మే.”