స్టేషన్ గుమ్మంలో నీళ్లు

"మళ్లీ నీళ్లు!" హెడ్‌ఫోన్లో అరిచాడు అసెన్.

కంప్యూటర్ తెర మీద మా రూసే నగరపు పాత రైల్వేస్టేషన్. ఒక్కొక్క బ్లాకే పేర్చి, ఏడాది పాటు ఆటలో కట్టుకున్నది. దాని గుమ్మంలోంచి నీళ్లు మెట్ల మీదుగా దూకుతున్నాయి. పట్టాలు కొట్టుకుపోయాయి. దీపాలు ఊడిపోయాయి.

"అదే గ్లిచ్," అంది ప్లమేనా, తన ఇంటి నుంచి. "ఈ ఆటలో నీళ్లకి బుద్ధి లేదు. ఒక్కసారి ఒలికితే ఇక ఇంకవు, ఆరవు. ఊటలా ఊరుతూనే ఉంటాయి."

"అసలు ఒలకబోసిందెవరే? మనిద్దరం గనిలో రాళ్లు తవ్వుతున్నాం కదా!"

అదే విచిత్రం. వాళ్లు గనికి బయల్దేరిన ప్రతిసారీ ఇదే గోల. చూస్తే శనివారమే పోటీ. గెలిచిన కట్టడాన్ని నగర మ్యూజియంలో పెద్ద తెర మీద శాశ్వతంగా ఉంచుతారు. ఆ ఆశతో అసెన్‌కి అన్నం కూడా సయించడం లేదు.

జట్టులో ఇంకొకరున్నారు. ఆటలో పేరు ఉరుము. అసలు పేరు ఎవరికీ తెలీదు. నోరు విప్పి మాట్లాడిన పాపాన పోలేదు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేయడమే. తెల్లారి ఐదింటికే హాజరు. మధ్యాహ్నం మాయం. ఎవడో రాత్రి డ్యూటీ వాచ్‌మన్ అని ప్లమేనా తేల్చేసింది. కాబట్టి మనమూ వాడనే అందాం. గనికి రమ్మంటే రాడు. స్టేషన్ వెనకాల బీట్‌రూట్ పండించుకుంటూ ఉండిపోతాడు.

నీళ్ల సంగతి చెబితే, "ఎండకు ఆరిపోతాయిలే," అని రాశాడు.

"ఆటలో ఎండేంట్రా నాయనా!" తల పట్టుకుంది ప్లమేనా.

అసెన్ ఆట తయారుచేసిన వాళ్లకి మూడు పేజీల ఫిర్యాదు పంపాడు. ఒక్క లైను జవాబొచ్చింది. 'మా నీళ్లు బాగానే ఉన్నాయి. మీ గుమ్మం చూసుకోండి.' అసెన్‌కి ఒళ్లు మండిపోయింది.

"శనివారం గుమ్మం దగ్గర కాపలా నీదే. అదేగా నీ ఉద్యోగం!" అని ఉరుముకి పురమాయించాడు.

"అలాగే. ఈగని కూడా వాలనివ్వను," అని మెల్లగా జవాబు పడింది.

శనివారం ఇస్త్రీ ప్యాంటు వేసుకుని బయల్దేరాడు అసెన్. కింది వాటాలో ఇంటి ఓనరు స్తోయ్నా మామ్మ మిరపకాయలు కాలుస్తోంది. అతన్ని చూడగానే రాగి చెంబుతో పరిగెత్తుకొచ్చింది. మెట్ల మీద భళ్లున నీళ్లు. ప్యాంటు కాస్తా తడిసింది.

మా రూసేలో ఎవరైనా పని మీద వెళ్తుంటే ఇలా గుమ్మంలో నీళ్లు ఒలకబోస్తారు, పని నీళ్లలా సాఫీగా సాగాలని. మామ్మ అయితే రొట్టె కొనడానికి వెళ్లినా వదలదు.

"మామ్మా, అసలే నీళ్లతో చస్తున్నాను!"

"శుభమా అని వెళ్తూ చావు మాటలేంట్రా! నడు, నడు. ఆ ఇంటర్నెట్ ఆపేసి పోకు. నేను వాతావరణం చూసుకోవాలి."

హాల్లో ముగ్గురు న్యాయనిర్ణేతలు. ప్లమేనా అప్పటికే వచ్చి కూర్చుంది. పెద్ద తెర వెలిగింది. ఆటలోంచి నేరుగా స్టేషన్ కనబడింది. గుమ్మంలోంచి నీళ్లు!



"ఇదేమిటి?" అంది నెరిసిన జుట్టు పెద్ద న్యాయనిర్ణేత.

"గ్లిచ్ అండీ..."

"లోపమైతే మార్కులు కోస్తాం. కావాలని పోసినవైతే కారణం చెప్పండి," అంటూ ఆవిడ పెన్ను తీసింది.

అసెన్ ప్లమేనా వైపు తిరిగాడు. ఏడాది కష్టం కళ్లముందే మెట్లు దిగి పోతోంది.

"ఆ కాపలావాడేడీ?" పళ్లు నూరింది ప్లమేనా.

అప్పుడే గుమ్మం పక్క నుంచి ఖాళీ బకెట్‌తో ఉరుము వచ్చి నిలబడ్డాడు. తెర అడుగున ఒక్కో అక్షరమే పడసాగింది. హాలంతా కళ్లప్పగించి చదివింది.

"గుమ్మంలో నీళ్లు పోయకుండా ఎలా పంపుతాన్రా అసెన్, పొద్దున మెట్ల మీద పోసింది నీకు, ఇవి మన స్టేషన్‌కి, గెలిచి తొందరగా రా, మిరపకాయలు చల్లారిపోతాయి."