నమూనా పాఠం

ఎం.ఎడ్. లేనిదే ప్రమోషన్ లేదన్నారు. అందుకే, ఇన్నేళ్ళు బెత్తంతో బడి నడిపిన హెడ్మాస్టర్ని, యూనివర్సిటీలో ఐదో తరగతి పిల్లాడి వేషం కట్టి బెంచీ మీద కూర్చున్నాను. నమూనా పాఠమట! క్లాస్‌మేట్లమే పిల్లలం. పంతులమ్మ కూడా మా క్లాసే, నిన్నగాక మొన్న బి.ఎడ్. చేతికొచ్చిన పిల్ల.

కొట్టకుండా లెక్కలు ఎలా నేర్పాలో చూపిస్తుందట. బెత్తం లేకుండా లెక్కలేం వస్తాయి, నా మొహం!

"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని నన్నడిగింది.

ఏం చేస్తుందో చూద్దామని, కావాలనే "నాలుగో వంతు" అన్నాను.

కోప్పడలేదు. ఏదో చేత్తో పట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చి, ఆగిపోయింది.

"అదేంటి సార్, చెయ్యి చాపారు?"

బోర్డు మీద గీసి చూడమని ఆమె నాకివ్వబోయింది సుద్దముక్క. నా అరచెయ్యి మాత్రం, తనంతట తానే ముందుకొచ్చి, దెబ్బ కోసం ఎదురుచూస్తోంది.