పదో కుండ

ఆబ్కారీ జవానుగా రిటైరైన విజయ్ పాల్, గుడుంబా కాద్దామని తొలిసారి ఇంట్లో బెల్లం పులియబెట్టాడు. వారానికల్లా కుండ కుళ్లు కంపు కొట్టింది. దాన్ని సంచిలో దాచుకొని బస్సెక్కి సిరికొండలో హన్మవ్వ ఇంటికి చేరాడు. ఇంట్లో సారా కాయడం నేరమంటూ ఇరవై ఏండ్లు ఆమె కుండలు పగులగొట్టింది అతనే.

“అవ్వా, యాడ తప్పు వోయిందో జర సూడు.”

హన్మవ్వ వాసన చూసింది. కుండను అరుగుకేసి కొట్టింది.

“అయ్యో, మొత్తం పారవోస్తివి గదవ్వా!”

“నీ కాయిదానే గదా సారూ, కుండ దొరికితే పగులగొట్టుడు.”

“నేనెప్పుడన్న అన్నీ పగులగొట్టిన్నా? పది కుండలు దొరికితే తొమ్మిదే కొట్టిన.”

“పదోది యాడికి వోయిందో నాకెరుకే. గా రుచి రాకనే గదా బస్సెక్కినవ్. కూసో.”