ఇయ్యాల రానోడెవ్వడు?

"...ఆగు శ్రీలతా, గంత ఉరుకకు. 'నేను' అని రాయకు బిడ్డా, మీ తాత పేరు వెట్టి 'మల్లన్న' అని రాయి. నీ బడి తెలుగులనే రాస్కో. ఆ... సాంచాలు బందైనయ్. గాడికచ్చినం గదా?"

సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. అవి ఆడుతుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. ఆ షెడ్డు నిశ్శబ్దమయ్యేది సోమవారాలే, పని పద్ధతులు నేర్పడానికి బయటి నుంచి వచ్చే మధుకర్ సార్ పెట్టే అరగంట మీటింగు కోసం.

"సప్పుడు లేకుంటే భయమైతుందిరా," అన్నాడు మల్లన్న. వీర్నపల్లిలో తాటిచెట్లు ఎండిపోయి, కల్లుగీత మాని ఈ పనికి వచ్చినవాడు.

"భయమైతే మా వదినెను పిలువు. సాంచెకంటె గట్టిగ ఒర్రుతది," అన్నాడు పక్క సాంచె హన్మండ్లు.

అందరూ నవ్వారు.

పనికి అడ్డమొచ్చేది ఒక్కొక్కరూ ఒక్కటి చెప్పాలి. వచ్చే సోమవారంలోగా దాన్ని మార్చి చూడాలి. అదీ మీటింగు.

"నూలు కండెల గంప దూరముంది సార్."

"దగ్గర పెడదాం. ఇంకా?"

గోడ పక్క సాంచెకు ఆనుకుని కూర్చున్న మనిషి చెయ్యెత్తాడు. మెడలో తువ్వాల, చేతుల నిండా దూది పొట్టు.

"ఇయ్యాల రానోడెవ్వడు?"

"అచ్చినోళ్ల ముచ్చట చెప్పు పెద్దమనిషీ!" అన్నాడు హన్మండ్లు.

ఆయన నవ్వలేదు.

"ఒకడు రాకుంటే పక్కోడు వాని సాంచె గూడ నడుపుతడు. సప్పుడు ఆగది. సప్పుడు ఆగకుంటే ఎవ్వడూ అడుగడు."

"అది పని పద్ధతి కాదు కదండీ. తర్వాత చూద్దాం," అన్నాడు మధుకర్.

ప్రతి సోమవారం అదే మనిషి, అదే ప్రశ్న. సాంచాలు మళ్లీ మొదలయ్యేసరికి కనపడడు.

ఆ ఏడు బట్ట కొనేవాళ్లు లేరు. షెడ్లు మూతపడ్డాయి. కొందరు పనికోసం భివండి పోయారు. కొందరు ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ప్రాణం తీసుకున్నారు. హన్మండ్లు జోకులు తగ్గాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకో సోమవారం. సాంచాలు ఆగాయి. గోడ పక్కన ఎవరూ లేరు.

"పెద్దమనిషి రాలే. ఆయన మాట నేనంట," అని మల్లన్న గొంతు మార్చాడు. "ఇయ్యాల రానోడెవ్వడు?"

ఎవరూ నవ్వలేదు. అందరూ హన్మండ్లు సాంచె వైపు చూశారు.

"పొద్దటి సంది నేనే నడుపుతున్న గదరా దాన్ని!" అంటూ మల్లన్న హన్మండ్లు ఇంటికి పరుగెత్తాడు. వెనకే అందరూ.

తలుపుకు లోపలి గడియ. విరగ్గొట్టారు.

హన్మండ్లు నేలమీద కూర్చున్నాడు. ఎదురుగా మూత తియ్యని పురుగులమందు సీసా.

"గా పెద్దమనిషి నా చెయ్యి ఇడుస్తలేడే మల్లన్నా," అన్నాడు. "'ఆగు, అడుగుతరు, అస్తరు' అంటున్నడు."

గదిలో ఇంకెవరూ లేరు. హన్మండ్లు మణికట్టు చుట్టూ దూది పొట్టు, ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు.

షెడ్డుకు తిరిగొచ్చాక మల్లన్న అడిగాడు. "సార్, మీతోటి అచ్చే పెద్దమనిషిది ఏ ఊరు?"

మధుకర్ తెల్లబోయాడు. "నాతోనా? ఆయన మీ షెడ్డు మనిషి కాదా?"

బయటి అరుగుమీద కండెలు చుట్టే దేవమ్మ రాట్నం ఆపింది.

"మెడల తువ్వాలనా? గోడ పక్క సాంచె కాడనా?"

"అవునవ్వా."

"గది రాజం సాంచె. వాడూ నీ లెక్కనే కల్లుకు తాళ్లెక్కెటోడు, ఈడికచ్చిండు. మీరెవ్వరు రాకముందు ఒకనాడు పనికి రాలే. పక్కోడు వాని సాంచె నడిపిండు. సప్పుడు ఆగలే. ఇంట్ల పానం తీసుకున్నడని పొద్దుమూకినంక ఎరుకైంది."

"పెండ్లాం పిల్లలు?"

"పెండ్లాం కడుపుతోటుండె. కోరుట్లకు, తల్లిగారింటికి వోయింది. కొడుకు పుట్టిండట. రాజేందరని పేరు వెట్టిండ్రట."

"...గంతే బిడ్డా. గా పిలగాన్ని ఎతుక్కుంట వోయిన. పెద్దోడైనంక వానికే నా బిడ్డను, మీ అమ్మను, ఇచ్చి పెండ్లి చేసిన. మీ నాయిన దుబాయిల పొద్దుగాల్నే పనోళ్లను నిలవెట్టి మీటింగ్ చేపిస్తడట గదా, ఫోన్ల గిది సదివి ఇనిపియ్యి. తండ్రి మొకం ఎన్నడూ చూడలేదంటడు. మేం చూసినమని చెప్పు."