దేవుడు మీకు ఆఫియా ఇవ్వాలి

“ఆ మాట తీసేస్తారా, నన్ను తీసేస్తారా?”

బతూల్ రాజీనామా కాగితాన్ని డైరెక్టర్ జవాద్ గారి బల్ల మీద టప్పున పెట్టింది. మెక్నెస్ ఊళ్లోని ఆ చిన్న రేడియోలో ప్రకటనలు రాసేది ఆమే. జవాద్ గారు పుదీనా టీ గ్లాసు కూడా దించలేదు.

“ఏ మాటమ్మా?”

“ఇంకా ఏ మాట అంటారేంటి జవాద్ గారూ! ‘ఆఫియా’! గ్యాస్ బండతో జాగ్రత్త అని అంతసేపూ చెప్పి, చివర్లో ‘దేవుడు మీకు ఆఫియా ఇవ్వాలి’ అంటాడా మీవాడు?”

“జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి తెప్పించిన గొంతమ్మా అది! సీరియళ్లలో హీరోకి అరువిచ్చే గొంతు. వాళ్ల వైపు ఆఫియా అంటే ఆరోగ్యం. చల్లగా ఉండమని దీవించాడు, తప్పేముంది?”

“వాళ్ల వైపు ఆరోగ్యమే. మన మొరాకోలో నిప్పు! కొంపలంటుకునే నిప్పు! మన రేడియో వినేది మనవాళ్లా, అమ్మాన్ వాళ్లా?”

“చదువుకున్నవాళ్లు అర్థం చేసుకుంటారులే.”

“గ్యాస్ బండలు చదువుకున్నవాళ్ల ఇళ్లలోనే పేలుతున్నాయా అండీ?”

జవాద్ గారు గ్లాసు దించారు.

బతూల్‌ది ఉత్త కోపం కాదు. పోయిన నెల ఆమె ఉండే సందులోనే హాజ్జా ఇట్టో అనే పెద్దావిడ వంటిల్లు తగలబడింది. ఆవిడ పొయ్యి ఆపింది, బండ దగ్గర ఆపలేదు. ఇప్పటికీ ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఆ మర్నాడే బతూల్ ఊళ్లో మాట్లాడుకునే మాటల్లో, పిల్లలకి చెప్పినట్టు నాలుగంటే నాలుగు ముక్కలు రాసి, తన గొంతుతోనే చెప్పింది. మూడు వారాలపాటు రోజుకి పదిసార్లు వేశారు. ఒక్కరి చెవికీ ఎక్కలేదు. సొంత తల్లినే అడిగితే, “విన్నానే, బాగుంది, ఏదో గ్యాస్ గురించి కదూ?” అంది. అంటూనే బండని అలాగే వదిలేసి బజారుకి వెళ్లిపోయింది. ఆ రోజు బతూల్‌కి ఏడుపొక్కటే తక్కువ.

“నీది ఎవరూ వినలేదనే కదమ్మా నేను గొంతు మార్చింది?” అన్నారు జవాద్ గారు.

“గొంతు మార్చండి, ఎవరొద్దన్నారు! సోమవారం నుంచి నేను బయట తలెత్తుకోలేకపోతున్నాను. పుదీనా అమ్మేవాడు కట్ట చేతికిచ్చి, ‘దేవుడు నీకు ఆఫియా ఇవ్వాలి చెల్లీ’ అని ఒకటే నవ్వు. టాక్సీ దిగితే డ్రైవరూ అదే. మసీదు మెట్ల మీద ముసలాళ్లు కూడా అదే! ప్రాణాలు పోతాయిరా బాబూ అని మొత్తుకోవాల్సింది పోయి, నవ్వులపాలైపోయాం.”

జవాద్ గారు కాగితం వంక చూశారు. నాలుగు రోజులుగా మోగుతూనే ఉన్న ఫోను వంక చూశారు.

“సరే తల్లీ. మధ్యాహ్నం నుంచి నీ పాత ప్రకటనే వేయిస్తాను. ఇదిగో, ఈ కాగితం పట్టుకెళ్లు.”

“ఇక్కడే ఉండనివ్వండి. నా ప్రకటన చెవులారా విన్నాక వచ్చి చింపుతాను.”

ఆ రోజు శుక్రవారం. బతూల్ కాస్త తేలికపడ్డ మనసుతో భోజనానికి ఇల్లు చేరింది. సందు మొదట్లోకే కుస్కుస్ వాసన వచ్చింది. వంటింట్లో తల్లి మాహ్జూబా ఆవిరి కుండ దించుతోంది. కూతురు వచ్చిన సంగతి ఆమె చూసుకోలేదు.

మాహ్జూబా పొయ్యి ఆపింది. నడుం పట్టుకుని, మూలుగుతూ వంగి, బండ దగ్గర కూడా ఆపింది. లేచి కిటికీ బార్లా తెరిచింది. గరిటెని మైకులా పట్టుకుని సీరియల్ హీరోలా గొంతు పెంచింది.

“పొయ్యి ఆపితే చాలదు తల్లులారా! బండ దగ్గరా ఆపండి! కిటికీ తెరవండి! వాసన వస్తే స్విచ్ ముట్టుకోకండి! దేవుడు మీకు ఆఫియా ఇవ్వాలి!”

ఒక్క ముక్క పొల్లుపోలేదు.

గోడవతల నుంచి పక్కింటావిడ నవ్వు వినిపించింది. “నీకూ ఇవ్వాలి మాహ్జూబా! బండ ఆపావా మరి?”

“ఆపకపోతే నిజంగానే ఇస్తాడే తల్లీ!”

ఆ మాటకి అవతలింట్లో, దాని అవతలింట్లో కూడా ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. కిటికీ రెక్కలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకున్నాయి.

బతూల్ గుమ్మంలోంచే గోడ గడియారం చూసింది. మధ్యాహ్నం ప్రసారానికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఫోను తీసింది.

“జవాద్ గారూ! ఆ మాట తీయకండి!”

“అదేంటమ్మా? ఆ మాటో, నువ్వో తేల్చుకోమన్నావు కదా?”

“అయితే నన్నే తీసేయండి!”