మరదలి టికెట్టు

చెల్లెలి టికెట్టు బావకు చెల్లుతుందా? ఆ ఆదివారం పొద్దుటినుంచీ సోమలింగాన్ని పట్టుకుని వదలని ధర్మసందేహం ఇదే.

టికెట్లు కొన్నది మరదలు సంధ్య. హైదరాబాదునుంచి పేరుమోసిన గాయని సూరత్‌కు వస్తోందని తెలియగానే తనకొకటి, అక్క పద్మారాణికొకటి కొనేసింది. రెండు నెలలుగా అక్కాచెల్లెళ్ళకు ఫోన్లో అదే పాట. తీరా ఆ రోజు వచ్చేసరికి సంధ్య కూతురికి ఒళ్ళంతా అమ్మవారు పోసింది. సూరత్ పక్కనున్న ఇచ్ఛాపూర్‌లో ఇల్లు కదలడానికి లేదు.

"సంధ్య రాదంట. నువ్వే రావాలె," అంది పద్మారాణి, మొగుడి ముందు అన్నం పళ్ళెం పెట్టి ఎదురుగా కూర్చుంటూ.

"నేనా? నన్నెందుకే! పక్కింటి వెంకటసుబ్బమ్మను తీస్కపో. పాపం, పొద్దంత పాటలే పాడుకుంటది."

"ఆమెను కట్టుకున్ననా, నిన్ను కట్టుకున్ననా? పెండ్లయి ఇరవై ఏండ్లాయె, పక్కపక్కన కూసొని ఒక్క ప్రోగ్రాం చూసినమా? పాటంటే చెవి కోసుకునేటోడివి. ఇప్పుడు రేడియో పెడ్తే లేసి పోతవ్. పది మార్లు పిలిస్తె ఒక్కసారి పలుకుతవ్. ఏం పొగరో ఏమో!"

సోమలింగం ముద్ద మింగాడు. దాంతోపాటు ఒక మాటా మింగాడు. ఏడాదిగా ఆ మాటను మింగుతూనే ఉన్నాడు. ఎవరో పాడబోయే సాయంత్రాన్ని తను పాడు చేయడమెందుకు?

"వస్త తియ్యి," అన్నాడు.

అంతలో ఫోన్లో సంధ్య మెసేజీ: "బావా, నా సీట్ల కూసుంటున్నవ్. నా బదులు మంచిగ వినాలె. ఏ పాట ఎట్ల పాడిందో ఒక్కొక్కటి నాకు చెప్పాలె. మర్చిపోయిన గిట్ల అంటే ఊకోను!"

అది చదివాక చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చేతులు రాలేదు. రింగ్ రోడ్‌లో ఇష్టపడి కొనుక్కున్న చొక్కాయే. ఇవాళ దొంగసొత్తులా ఒంటిని కరుస్తోంది.

ఒకప్పుడు ఇలా లేదు. సూరత్ దగ్గరి జోల్వాలో సాంచాల కార్ఖానా. మరమగ్గాలన్నీ ఒక్కసారి మొదలెడితే ఆ మోతలో సేఠ్ తిట్టినా దీవించినట్టే. అక్కడ మాటలన్నీ ఉత్త పెదవులతోనే. పద్మారాణి ఆ మూల కండెలు చుట్టేది. "నన్ను చేసుకుంటవా?" అని ఇతను ఇటునుంచి పెదవులు కదిపితే, "మా నాయనను అడుగు" అని ఆమె అటునుంచి కదిపింది. గొంతు పెగలకుండానే పెళ్ళి కుదిరిపోయింది. ఆమె గొంతు తీరిగ్గా విన్నది పెళ్ళయ్యాకే. వంట చేస్తూ పాడుకునేది. ఆ గొంతుకోసం డ్యూటీ దిగగానే ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరేవాడు.

హాలు గేటు దగ్గర ఓ ముసలాయన వచ్చేపోయేవాళ్ళకు చేతులు జోడిస్తున్నాడు, ఒక్క టికెట్టు మిగిలిందా అని. సోమలింగం తల దించుకుని లోపలికి నడిచాడు. సీటు అంచున కూర్చున్నాడు. వెనక్కి ఆనుకుంటే మరదలి వాటా మొత్తం మింగేసినట్టవుతుందని భయం.

గాయని వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు. డోలు దెబ్బ కుర్చీలోంచి వెన్నులోకి పాకింది. దాన్ని పట్టుకుని తొడమీద తాళం వేశాడు. నోటికి ఏడాది కిందటే వేశాడు.

పక్కన పద్మారాణి కళ్ళు మూసుకుని పాటలో మునిగిపోయింది. ఆ ముఖం చూసేకొద్దీ అతనికి లోపల ముల్లు గుచ్చుకుంటోంది. ఈ సీట్లో సంధ్య ఉండాల్సింది. కనీసం వెంకటసుబ్బమ్మ. కాకపోతే గేటు దగ్గరి ముసలాయన. ఎవరికి దక్కినా దక్కినట్టుండేది. రేపు మరదలికి ఏం చెప్పాలి?

నాలుగో పాట మధ్యలో స్పీకర్లన్నీ మూగబోయాయి. మైకు పోయేసరికి జనానికి మైకం దిగిపోయింది. గాయని మాత్రం అది గమనించక, కాసేపు అలాగే పాడుతూ పోయింది. సోమలింగమూ ఆమె ముఖంమీంచి చూపు తిప్పలేదు. తాళం ఆపలేదు, తల ఊపడం ఆపలేదు. మర్యాదస్తుడు మరి, మైకు పోయిందని మన్నన తగ్గిస్తాడా?

ముందు వరుసలో ఓ పిల్ల వెనక్కి తిరిగి, అతన్ని చూసి నవ్వింది. పద్మారాణి అతని చేతిమీద చెయ్యి వేసింది. ఉలిక్కిపడి ఆగాడు. మైకు బాగుపడినా, పాట మళ్ళీ మొదలైనా ఆమె ఆ చెయ్యి తియ్యలేదు.

ప్రోగ్రాం అయిపోయింది. బయట ఆటోల దగ్గర, దీపస్తంభం కింద, పద్మారాణి అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎట్లుంది?" అంది.

"మస్తుంది," అన్నాడు, చూపు పక్కకు తిప్పుకోబోయి ఆగి. "రేపు సంధ్యకు అన్ని చెప్త."

"ఆమె గొంతు మంచిగుందా, నాది మంచిగుందా?"

పొద్దుటినుంచీ మొదటిసారి సోమలింగం గుండె తేలికపడింది. దీనికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

"పిచ్చిదానా, నీ గొంతు ముందల ఆమెదెంత!"

పద్మారాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రెండు ప్రశ్నలూ ఆమె అడిగింది గొంతుతో కాదు, వెనకటికి కార్ఖానాలో మాట్లాడినట్టు, ఉత్త పెదవులతో.