వంకల బాబాయ్‌కి చోటు లేదు

"ఇవాళ మీకు చోటు లేదు బాబాయ్ గారూ. బల్లలన్నీ ముందే చెప్పేసుకున్నారు."

హోటలావిడ గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపి మరీ చెప్పింది. వంకల బాబాయ్ ఆవిడ భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు. పది బల్లలూ ఖాళీ. వంటగది కిటికీ పక్కన రోజూ తను కూర్చునే బల్ల మీద మాత్రం 'రిజర్వ్‌డ్' అని రాసిన కొత్త అట్టముక్క నిలబడి ఉంది.

"లోపల ఈగ కూడా లేదు కదమ్మా!"

"వస్తారు. పన్నెండింటికి ఎదురు ఆఫీసు వాళ్ళు నలభై మంది వస్తారు. తిండి నచ్చితే రేపటి నుంచి రోజూ వాళ్ళ భోజనాలు ఇక్కడే. నచ్చకపోతే నెలాఖరుకి మేం తాళం వేసుకోవలసిందే. ఇలాంటి రోజున మీరు మొదటి చెంచాకే మొహం చిట్లిస్తే మా గతేం కాను?"

"సూప్ ఒక్కటీ రుచి చూసి పోతానమ్మాయ్."

"చూసి? ఉప్పు లేదంటారు. మిరియాలు ఎక్కువంటారు. మూడు నెలలుగా వింటూనే ఉన్నాను. దయచేయండి, మీకు పుణ్యం ఉంటుంది."

బాబాయ్ గడియారం చూసుకున్నాడు. వంటగది కిటికీ వైపు ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. రోజూ పదకొండున్నరకి, ఇంకా గిన్నెలు పొయ్యి దిగకముందే వచ్చి కూర్చుంటాడు పెద్దమనిషి. అన్నీ తలా ఒక చెంచా తెప్పించుకుంటాడు. అన్నిటికీ ఒక వంక పెడతాడు. ఆవిడకేమో పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో మొగుడి వంటలో ఒక్క తప్పూ కనిపించలేదు. ఏం పెట్టినా "అద్భుతం" అని గిన్నె ఊడ్చి మరీ తింటుంది. అలాంటి మనిషికి ఈ వంకలు వింటే ఒళ్ళు మండదూ?

అసలే పొద్దున్నించీ ఆవిడ కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ కంగారులోనే ఫ్లాస్కు నిండా టీ కాచి పోసింది. మొగుడు రెండు గ్లాసులు తాగి "అమృతంలా ఉందోయ్" అన్నాడు. తను మాత్రం చుక్క ముట్టలేదు. తీరిక ఉంటేగా!

వంటగది కిటికీలోంచి మొగుడు తల బయటపెట్టాడు. "పదకొండు నలభై అయింది. బాబాయ్ ఏడీ?"

"పంపించేశాను. పీడా విరగడైంది."

"పంపించేశావా!"

మొగుడి మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. గరిటె ఆవిడ చేతిలో పెట్టి, కట్టుకున్న ఏప్రన్‌తోనే వీధిలోకి పరుగెత్తాడు. కదిలిపోతున్న బస్సు కోసం కూడా పరుగెత్తని మనిషి! ఆవిడ గరిటె పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

అయిదు నిమిషాల్లో బాబాయ్‌ని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. బల్ల మీది అట్టముక్క తీసి పక్కన పెట్టి, చెంచా చేతికిచ్చాడు.

"సూప్‌లో ఉప్పు అసలు పడలేదు" అన్నాడు బాబాయ్.

"సరే."

"దుంపల కూర చప్పగా ఉంది. రెండు నిమ్మకాయలు పిండు."

"సరే."

"సూప్‌లో మిరియాలు కూడా తగ్గించాలోయ్."

"అది మాత్రం కుదరదు బాబాయ్. మా ఆవిడకి అలాగే ఇష్టం."

ఆ మాటకి ఆవిడ మనసు కాస్త చల్లబడింది. అంతలోనే నలభై మందీ బిలబిలమంటూ వచ్చిపడ్డారు. ఇక ఎవరి మొహం ఎవరు చూశారు? మళ్ళీ ఊపిరి తిరిగేసరికి పళ్ళాలన్నీ కడిగినట్టు ఖాళీగా ఉన్నాయి. వాళ్ళ పెద్ద మేడం వెళ్తూ వెళ్తూ "రేపటి నుంచి ఇక్కడికేనండీ" అంది.

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పొద్దున గుమ్మంలో అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఫ్లాస్కులోంచి టీ వంచి బాబాయ్ ముందు పెట్టింది.

బాబాయ్ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు. "అమ్మాయ్, ఇందులో ఉప్పుంది."

"ఆఖరికి టీని కూడా వదలరా!" అంటూ ఆవిడ తనూ కాస్త వంచుకుని నోట్లో పోసుకుంది. ఒక్క ఉదుటున వెళ్ళి సింకులో ఉమ్మేసింది. పొద్దున కంగారులో చక్కెర డబ్బా బదులు ఉప్పు డబ్బా తీసినట్టుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇదే టీ మొగుడు రెండు గ్లాసులు తాగాడు. అమృతమన్నాడు.

ఆవిడ మెల్లగా తిరిగి చూసింది. మొగుడు తల దించుకున్నాడు.

"మూడు నెలల కిందట జ్వరం వచ్చింది చూడు, అది పోతూ పోతూ నా నాలుక రుచి కూడా పట్టుకుపోయిందోయ్. బాబాయ్ మొదటి రోజే కనిపెట్టేశాడు. అప్పటి నుంచీ నా నాలుక ఆయనే."

"నాకు చెప్పొచ్చుగా! నేను రుచి చూసి పెట్టేదాన్ని కదండీ!"

"నువ్వా? ఉప్పు మరిచిపోయినా అద్భుతమంటావు. అలాంటి నాలుక ఇంట్లో ఉండటం అదృష్టమే గానీ, వంటగదికి పనికిరాదే."

ఆవిడ కళ్ళు నిండిపోయాయి. బాబాయ్‌కి రెండు చేతులూ జోడించింది. "మా పొయ్యి ఆరిపోకుండా కాసిన మనిషిని గుమ్మంలోంచి తరిమేశాను. మీ మేలు ఈ జన్మకి మరిచిపోను." 'రిజర్వ్‌డ్' అట్టముక్క తెచ్చి ఆయన బల్ల మీదే మళ్ళీ నిలబెట్టింది. "ఇక ఇది మీ బల్ల."

"బల్ల సరే. నాకు ఒంట్లో బాగోక రాని రోజున ఏం చేస్తారు?" అన్నాడు బాబాయ్. "నువ్వూ నేర్చుకోవాలమ్మాయ్. ఏదీ, మీ ఆయన వంటకి ఒక్క వంక పెట్టు చూద్దాం."

ఆవిడ మొగుడి వంక చూసింది. నేల చూసింది. కొంగు కొసతో కళ్ళు తుడుచుకుంది.

"మీ సూప్‌లో మిరియాలు మరీ ఎక్కువండీ. ఇరవై ఏళ్ళుగా కళ్ళనీళ్ళు పెట్టుకునే తాగుతున్నాను."